వరద మరకల మీద కుట్టిన పావడ

2021 నవంబరులో పెన్నకు వరద వచ్చిన రాత్రి బీరువా పై అరలో ఉన్న ఇంటి కాగితాలు, నాలుగు నగలు సంచిలో వేసుకొని బయటపడ్డాం. కింది అరలో అమ్మ చీరలు ఉన్నాయన్న సంగతి ఆ హడావిడిలో ఎవరికీ తట్టలేదు. సోమశిల నుంచి వదిలిన నీళ్ళు నెల్లూరులో ఏటి ఒడ్డు కాలనీల్లోకి వచ్చేశాయి. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి. మూడు రోజులు దర్గామిట్టలో మా పిన్ని వాళ్ళ మేడ మీద తలదాచుకున్నాం. తిరిగి వచ్చేసరికి ఇంటి గోడలన్నిటికీ మోకాలెత్తున బురద గీత. బీరువా తలుపు తెరవగానే కొట్టిన ముక్క వాసన ఇప్పటికీ నా ముక్కును వదలలేదు.

పదకొండు చీరలు తడిశాయి. వాటిలో ఏడు వెంకటగిరి నూలు చీరలు. 2022లో జిల్లాలు విడిపోయాక వెంకటగిరి తిరుపతి జిల్లాకు వెళ్ళింది కానీ, నెల్లూరు వాళ్ళకు అది ఇప్పటికీ మన ఊరి చీరే. వంద నంబరు నూలుతో నేసిన ఆ బట్ట ఎంత పలుచన అంటే, ఎండాకాలంలో నెల్లూరులో అది తప్ప ఇంకేదీ ఒంటి మీద నిలవనివ్వదు మా అమ్మ. ఆ ఏడింటిలో ఒకటి మీగడ రంగుది, మెరూన్ అంచు, అంచులో జరీ. నేను కడుపులో ఉన్నప్పుడు సీమంతానికి మా అమ్మమ్మ పెట్టింది. అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకొని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "దీన్ని పారెయ్యొద్దమ్మా. ఏం చేస్తావో నాకు తెలియదు," అంది.

నాకు కుట్టు వచ్చు. పెళ్ళికి ముందు మా వీధిలో ఒక అక్క దగ్గర రెండేళ్ళు నేర్చుకున్నాను. జాకెట్లు, పిల్లల గౌన్లు కుడతాను. అయితే కొత్త బట్ట కుట్టడం వేరు, బతికి బతికి అలసిపోయిన బట్టను కుట్టడం వేరు అని నాకు అప్పటికి తెలియదు. అది నేర్చుకోవడానికి ఒక చీర ఖర్చయింది. ఆ సంగతి చెబుతాను.

ముందు ఉతుకు. బురద ఇంకా తడిగా ఉండగానే మంచి నీళ్ళలో జాడించడం మేలు చేసింది. ఎండితే ఆ మెత్తటి ఒండ్రు పోగుల మధ్య గట్టిపడిపోతుంది. రుద్దలేదు, పిండలేదు. తడిసిన పాత నూలు చీర తన బరువుకు తానే చిరిగిపోతుంది కాబట్టి పాత దోమతెర ముక్కలో ఒక్కొక్క చీరను పడుకోబెట్టి, ఇద్దరం చెరో వైపు పట్టుకొని తొట్టిలో ముంచి లేపాం. నాలుగు సార్లకు నీళ్ళు తేటపడ్డాయి. ఆఖరికి కుంకుడుకాయ రసంలో నానబెట్టి, మేడ మీద నీడలో దుప్పటి పరిచి ఆరబెట్టాం. ముదురు రంగు చీరలను విడిగా పెట్టాలన్న జాగ్రత్త ఉన్నా, బీరువాలోనే ఒకదాని రంగు ఇంకొకదానికి అంటుకుపోయింది. నాలుగు చీరలు బూజు పట్టి, పట్టుకుంటే పొడి రాలే స్థితికి వచ్చాయి. వాటిలో రెండు గంజి పెట్టి ఇస్త్రీ చేసి దాచినవి. పురుగుకూ బూజుకూ గంజి భోజనం లాంటిది. కట్టే ముందు గంజి పెట్టాలి గానీ, దాచే ముందు పెట్టకూడదు.

ఆ వారంలోనే పాత జరీ చీరలు కొనేవాడు వీధిలోకి వచ్చాడు. వరద వచ్చిన వీధులకు అలాంటి వాళ్ళు ముందు వస్తారు. సీమంతం చీర అంచును నలుపు రాతి మీద గీసి చూసి, పట్టు పోగు మీద వెండి తీగ చుట్టి బంగారు పూత పూసిన అసలు జరీ అని తేల్చాడు. తరువాత చెప్పిన ధర వినగానే అమ్మ చీర లాక్కుంది. దాన్ని కాల్చి వెండి తీసుకుంటారని ఆమెకు తెలుసు.

మొదట చేతిలోకి తీసుకున్నది ఆకుపచ్చ చీర. పైకి మరక లేదు, రంగు బాగుంది. నాకు కుర్తీ కుట్టుకుందామని సంబరంగా కత్తిరించేశాను. చూడడానికి చక్కగా వచ్చింది. మూడోసారి వేసుకున్న రోజు బస్సులో పైన కడ్డీ పట్టుకోవడానికి చెయ్యి ఎత్తాను. చంక దగ్గర సర్రుమని శబ్దం వచ్చింది. చూస్తే కుట్టు నిక్షేపంగా ఉంది. కుట్టు పక్కన బట్ట చిరిగింది, అదీ తిన్నగా, గీత గీసినట్టు. ఇంటికి వచ్చి పరిశీలిస్తే ఏళ్ళ తరబడి చీరకు ఒకే చోట పడిన మడత గీత అది. చంక, నడుము, మోకాలి వెనుక లాగుడు పడే చోట్లకు నేను ఆ అరిగిన భాగాలనే వేశాను.

కుట్టు నేర్పిన అక్క దగ్గరకు కుర్తీ పట్టుకెళ్ళాను. ఆమె చూసి, "మిషను ఎక్కే ముందు బట్టను అడగాలి కదమ్మా," అంది. అడగడం అంటే ఏమిటో చూపించింది. చీరను కిటికీకి అడ్డంగా పట్టుకుంటే వెలుతురు ఎక్కువగా వచ్చే చోట్లు పోగులు అరిగిన చోట్లు. తరువాత రెండు బొటనవేళ్ళ మధ్య బట్టను పట్టుకొని మెల్లగా అటూ ఇటూ లాగాలి. గట్టి బట్ట ఎదురు లాగుతుంది. నీరసించిన బట్ట పోగులు జరుగుతాయి, చిన్న చిటపట వినిపిస్తుంది. ఆ చోట్లను సుద్దతో చుట్టి గుర్తు పెట్టుకుంటే చీర మొత్తం ఒక పటంలా కనిపిస్తుంది. మెరక ఎక్కడ, గుంట ఎక్కడ అన్నది తెలుస్తుంది. కూర్చునే చోటు, పైట భుజానికి పడే చోటు ఎప్పుడూ బలహీనమే. కుచ్చిళ్ళలోకి పోయే భాగం, బొడ్డులో దోపుకొనే మొదటి మూర చాలాసార్లు కొత్త బట్టలా ఉంటాయి.

అలా అడిగాకే సీమంతం చీర విప్పాను. మా పాపకు అప్పుడు ఎనిమిదేళ్ళు. దానికి పావడ కుట్టాలని అమ్మ, నేను అనుకున్నాం. పావడకు లాగుడు తక్కువ. నాడా దగ్గర తప్ప బట్ట మీద బరువు పడదు, కింది అంచు అలాగే పనికి వస్తుంది.

మరకలు మాత్రం భయపెట్టాయి. బీరువా అర రేకు తుప్పు పట్టి, ఆ తుప్పు నీళ్ళతో పాటు చీర మడతల్లోకి దిగింది. చీర విప్పి పరిస్తే ఒకే మరక ఏడు సార్లు, మూర మూరకు ఒకటి చొప్పున అచ్చు వేసినట్టు పడి ఉంది. రేకుకు తగిలిన మడతలో అరచేయంత ఉంది. లోపలి మడతలకు వెళ్ళేకొద్దీ తగ్గుతూ ఏడో చోట చింతగింజంత అయింది. అన్నీ అంచుకు జానెడు పైన, ఒకే వరుసలో.

తుప్పుకు నిమ్మరసం, ఉప్పు వేసి ఎండలో పెట్టడం మనకు తెలిసిన వైద్యమే. తెల్ల పంచె మీదైతే బాగా పనిచేస్తుంది. కానీ అంతకు ముందే ఒక నీలం చీరకు అలా చేస్తే రసం జరీ వైపు జారి, మామూలు రకం జరీ కావడంతో పూత పోయి రాగి రంగు తేలింది. సీమంతం చీర మీద ఆ సాహసం చేయలేకపోయాను. మరకను పోగొట్టడం కుదరకపోతే చీర రంగునే మరకకు దగ్గరగా తెద్దామని, టీ డికాక్షన్‌లో ముంచాలని అనుకున్నాను. కొస ముక్క ఒకటి ముంచి చూస్తే లేత తేనె రంగు వచ్చింది, ఎంతో ముచ్చటగా. ఆరు లీటర్ల నీళ్ళలో పది చెంచాల టీ పొడి మరిగించి, వడకట్టి, అంచును చుట్టగా చుట్టి పాలిథిన్ కవరు కట్టి నీళ్ళకు పైన ఉంచి, మిగతా చీరను దించాను.

రెండు నిమిషాలు కాలేదు. మరకలున్న చోట బట్ట నల్లబడడం మొదలైంది. ఇటుక రంగులో ఉన్నది నా కళ్ళ ముందే బూడిద రంగుకు, బూడిద నుంచి సిరా రంగుకు తిరిగింది. పైకి తీసి జాడించాను. పోలేదు. తొట్టి పక్కన అలాగే కూలబడ్డాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి, చీర వైపు కాకుండా నా వైపు చూసింది.

ఎందుకు అలా అయిందో ఆ రాత్రి తట్టింది. చాలా ఏళ్ళ కిందట శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ళ దగ్గర కూర్చున్నాను. వాళ్ళు గుడ్డను ముందు కరక్కాయ, పాలు కలిపిన దాంట్లో నానబెట్టి ఆరబెడతారు. తరువాత ఇనుప ముక్కలు, బెల్లం వేసి పులియబెట్టిన నీళ్ళతో గీస్తారు. కలంలో ఉన్నప్పుడు నల్లగా కనిపించని ఆ నీరు గుడ్డకు తగలగానే చిక్కటి నలుపు అవుతుంది. కరక్కాయలోని వగరు, ఇనుము కలిస్తే నలుపు. టీలో ఉన్నదీ అదే వగరు. నా చీరలో ఇనుము ముందే ఉంది, తుప్పు రూపంలో. నేను పరీక్షించిన కొస ముక్కలో తుప్పు లేదు కాబట్టి నాకు తెలియలేదు. మరకలున్న బట్టకు రంగు వేయాలంటే మరక ఉన్న చోటే, చిన్నది చూసుకొని, ముందుగా ఒక చుక్క వేసి చూడాలి. ఈ ఒక్క మాట ఎవరికైనా పనికొస్తే నేను ఇదంతా రాసినందుకు సంతోషిస్తాను.

మరునాడు చీర ఆరాక దండెం మీద వేలాడుతూ ఉంటే మా పాప బడి నుంచి వచ్చి దాని ముందు నిలబడింది. "అమ్మా, గూడబాతులు!" అంది. అంతకు ముందు చలికాలం నేలపట్టు పక్షుల కేంద్రానికి తీసుకెళ్ళాం దాన్ని. నీళ్ళలో నిలబడిన కడప చెట్ల మీద గూళ్ళు కట్టుకొని, బూడిద రంగు రెక్కలు ముడుచుకొని కూర్చున్న ఆ పక్షులను చూసి ఇంటికి రానన్నది. నేను మళ్ళీ చీర వైపు చూశాను. పెద్ద మరక నిజంగానే మెడ లోపలికి లాక్కొని కూర్చున్న పక్షిలా ఉంది. దాని వెనుక కొంచెం చిన్నది, దాని వెనుక ఇంకా చిన్నది. తల్లి వెంట పిల్లలు బారు తీరినట్టు.

నాకు ఏం చేయాలో ఆ క్షణాన తెలిసింది. మరకను కప్పిపెట్టే పువ్వు కోసం అంతకాలం వెతుకుతూ ఉన్నాను. ఇక వెతకనక్కర లేకపోయింది.

ముందు కత్తిరింపు. పాప నడుము నుంచి పాదం దాకా 28 అంగుళాలు. పెరిగే పిల్ల కాబట్టి మూడు మడత కుట్లకు తలా రెండు అంగుళాల చొప్పున ఆరు, నాడా పట్టీకి రెండు కలిపి అంచు నుంచి 36 అంగుళాల ఎత్తు, మూడు మీటర్ల పొడవు. పాత బట్టను సర్రున చింపకూడదు, పక్క పోగులు కూడా తెగుతాయి. కొలత దగ్గర చిన్న గాటు పెట్టి, ఒక్క పోగును గోటితో పట్టి మెల్లగా లాగితే అది జారుతూ వస్తుంది. అది వచ్చిన దారి బట్టలో పాపిడి తీసినట్టు సన్నటి గీతగా మిగులుతుంది. ఆ గీత వెంట కత్తెర నడిపితే చివరిదాకా వంకర పోదు. ఆ పోగు లాగింది మా అమ్మే. మూడు మీటర్లలో ఎనిమిది సార్లు తెగింది. తెగిన ప్రతిసారీ సూది మొనతో కొస వెతికి పట్టుకొని మళ్ళీ లాగింది. నన్ను ముట్టుకోనివ్వలేదు.

ఆ నలుపు ఉన్న చోట బట్ట తొందరగా దెబ్బతింటుంది. ఇనుముతో వచ్చే నలుపు పోగును లోలోపల తింటుంది. పాత కలంకారీ గుడ్డల్లో ముందు చిరిగేది నల్ల గీతల వెంటే. అందుకే ప్రతి మరక వెనుకా మల్లు గుడ్డ ముక్క వేశాను. కొత్త మల్లును ముందే వేడి నీళ్ళలో తడిపి ఆరబెట్టుకోవాలి. లేకపోతే తరువాతి ఉతుకులో అది కుంచించుకుపోయి పైబట్ట ముడతలు పడుతుంది. మరక కన్నా రెండు వేళ్ళు పెద్దగా కత్తిరించి, అంచులు మడవకుండా, చుట్టూ వదులుగా పరుగు కుట్టు వేశాను. మడిస్తే ఆ గట్టు దగ్గర పలుచని బట్ట కోసుకుపోతుంది.

ఇక ఎంబ్రాయిడరీ. చిన్నబజారులో దారాల కొట్టులో బూడిద రంగులో మూడు ఛాయలు, ముక్కుకు పసుపు, కాళ్ళకు గోధుమ రంగు తీసుకున్నాను. ఆరు పోగుల దారంలోంచి రెండే పోగులు తీసి వాడాను. సన్నని బట్ట అంతకన్నా మోయదు. ఫ్రేము లోపలి చట్రానికి మెత్తని పాత గుడ్డ చుట్టాను, లేకపోతే చెక్క అంచు పాత బట్ట మీద కాటు వేస్తుంది. డప్పులా బిగించకుండా, వేలితో నొక్కితే కాస్త దిగేలా ఉంచాను. రోజూ పని ముగియగానే ఫ్రేము విప్పేసేదాన్ని. పక్షి చుట్టుగీత అంతా కాడ కుట్టు. రెక్క ఈకలకు పొడవు పొట్టి కుట్లు. కడుపు భాగాన్ని నింపలేదు, మరకనే వదిలేశాను. ఆ బూడిద నలుపు మీద నేను ఏ దారం వేసినా అంత సహజమైన ఈక రంగు రాదు. సూది పైబట్టలోంచి దిగి మల్లులోంచి కూడా వచ్చేలా ప్రతి కుట్టూ వేశాను. అప్పుడు బరువు కొత్త గుడ్డ మోస్తుంది, పాతది దాని మీద ఆనుకొని ఉంటుంది.

అద్దాలు కుడదామని పక్కింటి ఆవిడ అన్నారు. అద్దం నాకూ ఇష్టమే. కానీ వంద నంబరు నూలు మీద అద్దం కుడితే దాని బరువుకు చుట్టూ బట్ట లాగి రంధ్రాలు పడతాయి. గట్టి అంచు మీద తప్ప వేయకూడదు. జిగురుతో అతికించే రాళ్ళ మాట కూడా వచ్చింది. వాటికి నేను ఎప్పుడూ ఒప్పుకోను. జిగురు కొన్నాళ్ళకు పసుపెక్కి గట్టిపడి, రాయి ఊడేటప్పుడు బట్టను కూడా తీసుకుపోతుంది.

పెద్ద గూడబాతుకు నాలుగు సాయంత్రాలు, మిగతా వాటికి రెండేసి పట్టాయి. ఏడోది, చింతగింజంత మరక, దానికి పక్షి కుదరలేదు. అమ్మ చూసి, "అది గుడ్డు," అంది. గుడ్డు కింద నాలుగు పుల్లలు కుట్టి గూడు చేశాను.

మిషను పని ఒక పూటే. పదహారో నంబరు సూది తీసేసి పదకొండు పెట్టాను. మొద్దు సూది ఇలాంటి బట్టలో కంటికి కనిపించే రంధ్రాలు చేస్తుంది. లోపల పాత పాప్లిన్ లైనింగ్ వేసి, నడుము దగ్గర బరువంతా లైనింగ్ మీద పడేలా కుట్టాను. జరీని మెత్తని పొడి బ్రష్షుతో తుడిచి వదిలేశాను. బురద వల్ల వచ్చిన నలుపు కొంత మిగిలింది. చింతపండు పెట్టి మెరిపిద్దామని ఎందరు చెప్పినా పెట్టలేదు.

పైట కొంగు భాగంలో జాందానీ చిలకలు రెండు మిగిలాయి. జాందానీలో ప్రతి బొమ్మకూ దాని పోగు విడిగా, చేత్తో పేకలోకి ఎక్కిస్తారు కాబట్టి వెనుక వైపు కూడా దాదాపు ముందు లాగే ఉంటుంది. ఆ కొంగును అమ్మకు ఒక సాదా మీగడ రంగు చీరకు అతికించాను. అది రెండు రోజుల పని, చెప్పుకోవలసినంత ఏమీ లేదు.

మిగిలిన చీరల గట్టి ముక్కలన్నీ అమ్మ తీసుకుంది. బొంత కుట్టడం ఆమె పని, నాకు అప్పగించదు. పూర్తిగా పాడైనవి పోగా వాడదగిన ముక్కలను నాలుగు పొరలుగా నేల మీద పరిచి, చుట్టూ పెద్ద టాకాలు వేసి, తాను ఒక మూల కూర్చొని అంచు వెంట కుట్టుకుంటూ చుట్టు చుట్టుగా మధ్యకు వెళ్ళింది. పొరలు జరగకూడదంటే అదే పద్ధతి అంటుంది. నా ఆకుపచ్చ కుర్తీ కూడా అందులో ఒక మూల ఉంది, చిరిగిన చంక లోపలి పొరలోకి పోయేలా పెట్టింది. దారం ఎక్కిస్తూ పక్కన కూర్చుంటే ఏ ముక్క ఏ చీరో, ఎవరు పెట్టారో, ఎప్పుడు కట్టిందో చెబుతూ కుట్టింది. పూర్తయ్యేసరికి ఎండలు ముదిరాయి, ఆ ఏడు దాన్ని కప్పుకోలేదు.

పావడ 2022 ఉగాదికి పూర్తయింది. పాప మెరూన్ రవిక వేసుకొని రంగనాయకుల గుడికి వచ్చింది. గుడిలో ఒక పెద్దావిడ వంగి ఆ పక్షులను వేలితో తడిమి, అచ్చు వేయించారా అని అడిగింది. వరద వేసిందండీ, అని అమ్మ చెప్పింది.

మరుసటి సంక్రాంతికి మొదటి మడత విప్పాను. 2024 దసరాకు రెండోది విప్పాను. పాత బ్లేడుతో కుట్టు తెంపుతూ పోతే, మడత లోపల దాగిన బట్ట బయటపడింది. ఉతుకులకు, ఎండకు బయటి భాగం వెలిసి మళ్ళీ మీగడ రంగుకు దగ్గరైంది. లోపలి పట్టీ మాత్రం ఆ రోజు తొట్టిలోంచి తీసినప్పటి తేనె రంగులోనే ఉంది. గూడబాతుల పైన రెండు అంగుళాల వెడల్పున, పావడ చుట్టూ. ఇస్త్రీ చేసి అమ్మకు చూపించాను. ఆమె కళ్ళజోడు పెట్టుకొని ఆ పట్టీని, దాని పైన ఇంకా విప్పని మూడో మడతను వేళ్ళతో కొలిచి చూసింది.

"ఇంకో రెండేళ్ళు వస్తుంది," అంది.